ర్యామ్ ధరలు, అద్దె ఆటలు: ఇంట్లో సొంత కంప్యూటర్ పెట్టుకోవడం ఇక దండగేనా?

మిర్యాలగూడ టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ, ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. పరీక్షలు కాగానే డెస్క్‌టాప్ కొనిస్తానని దసరా నాడు వాడికి మాట ఇచ్చాను. వాడి చదువుకూ ఆటలకూ, నేను వీడియో పాఠాలు చేసుకోవడానికీ పనికొచ్చేలా ఒకే సిస్టమ్ అసెంబుల్ చేయించాలన్నది మా ఆలోచన. అప్పుడు రాయించుకున్న కొటేషన్ కాగితాన్ని మొన్న మళ్లీ దుకాణానికి పట్టుకెళ్తే, ప్రాసెసర్, మదర్‌బోర్డు, క్యాబినెట్ ధరల్లో పెద్దగా తేడా లేదు గానీ, ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపూ సమాచారాన్ని పట్టి ఉంచే మెమరీ) దగ్గరికి వచ్చేసరికి దుకాణదారు పాత అంకెను కొట్టేసి, దానికి రెండింతలు దాటిన అంకె పక్కన రాశాడు. ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ ధర కూడా పెరిగింది. "ఈ ధర ఇవాళ్టికే మేడమ్, రేపటి సంగతి రేపే" అన్నాడు. బంగారం కొట్టులో వినే మాటను కంప్యూటర్ల కొట్టులో వినడం నాకు ఇదే మొదలు.

కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకుపోతున్నందువల్లే ఈ పరిస్థితి వచ్చిందని వార్తల్లో చదివాను. మా వాడు దానికొక ఉపాయం చెబుతున్నాడు. ఇంట్లో మామూలు ల్యాప్‌టాప్ ఉంటే చాలునట. నెలకు ఇంతని చందా కడితే ఎక్కడో ఉన్న పెద్ద యంత్రం మీద ఆట నడుస్తుందట, మనకు బొమ్మ మాత్రమే వస్తుందట. లెక్క వేస్తే ఆ మాటా కొట్టిపారేయదగ్గది కాదు. అయినా నా మనసు ఒప్పుకోవడం లేదు. కాలేజీ రోజుల్లో లైబ్రరీలో దొరికిన సైన్స్ ఫిక్షన్ అంతా చదివేదాన్ని. మనిషి మీద తిరగబడే మరమనుషుల కథలు ఎన్నో ఉన్నాయి గానీ, ఆలోచించే యంత్రం అన్నిటికన్నా ముందు మన ఇంటి కంప్యూటర్‌లోని ర్యామ్‌కే ఎసరు పెడుతుందని ఏ రచయితా రాసినట్టు నాకు గుర్తు లేదు.

అందుచేత తెలిసినవారిని అడుగుతున్నాను. ఇప్పుడే కొనడమా, ధరలు దిగేదాకా ఆగడమా, లేక మా వాడు చెప్పినట్టు అద్దెకు పోవడమా? దానితోపాటు, ఇలాంటి రోజు వస్తుందని నిజంగా ఎవరూ ఊహించలేదా అన్నది నా స్వార్థపు ప్రశ్న.

గడియారం సెంటర్ మెకానిక్:

నమస్కారం మేడమ్. నేను నల్గొండలో కంప్యూటర్ల అమ్మకం, రిపేరు పని చేస్తాను కాబట్టి, నా మాటలో కాస్త వ్యాపారం కూడా ఉంటుందనుకునే చదవండి.

మీరు చదివిన వార్త నిజమే. మన ర్యామ్‌లో ఉండేవి డీర్యామ్ అనే చిప్పులు. ప్రపంచంలో తయారయ్యే ఆ చిప్పుల్లో 90 శాతానికి పైగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే వస్తాయి. కృత్రిమ మేధకు వాడే పెద్ద కార్డుల మీద ప్రధాన చిప్పు పక్కనే హెచ్‌బీఎం అనే మెమరీ ఉంటుంది. అదీ డీర్యామే గానీ, పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి తయారు చేస్తారు. అంతే పరిమాణం మెమరీకి, ఇప్పటి కంప్యూటర్లలో వేసే మామూలు డీడీఆర్5 ర్యామ్ కన్నా దాదాపు మూడింతల సిలికాన్ పలక (చిప్పులు చెక్కేది దీనిమీదే) దానికి ఖర్చవుతుందని మైక్రాన్ సంస్థే చెప్పింది. అంటే అక్కడ ఒక జీబీ పెరిగితే మన వైపు మూడు జీబీలు తగ్గినట్టు లెక్క. పైగా లాభం అటే ఎక్కువ. 2025 అక్టోబరులో చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థ శామ్‌సంగ్, హైనిక్స్‌లతో అవగాహనకు వచ్చినప్పుడు నెలకు 9 లక్షల పలకల దాకా కావాలన్న అంకె బయటికి వచ్చింది. ఆ మాట విన్న రోజే మా హోల్‌సేల్ వాళ్లు ఫోన్లు ఎత్తడం తగ్గించారు. డిసెంబరు 3న మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండ్‌తో మనలాంటి వాళ్లకు అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు ప్రకటించింది. 29 ఏళ్లుగా ఉన్న బ్రాండ్ అది. మా షాపులో పాత సిస్టమ్‌కు ర్యామ్ వేయాలంటే ముందుగా చేయి దానిమీదికే వెళ్లేది.

ఇలాంటి కరువులు ఇంతకుముందూ చూశాం. 2011లో థాయ్‌లాండ్ వరదలప్పుడు హార్డ్ డిస్కులు దొరకలేదు. 2013లో చైనాలోని వుషీ నగరంలో హైనిక్స్ ఫ్యాక్టరీలో మంటలు లేచినప్పుడు ర్యామ్ ధర ఎగిరింది. 2021లో క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్లు గ్రాఫిక్స్ కార్డులన్నీ పట్టుకుపోయారు. 2022 సెప్టెంబరులో ఈథీరియం అనే క్రిప్టో కరెన్సీ అలా తవ్వే పని లేని పద్ధతికి మారగానే అవే కార్డులు సెకండ్ హ్యాండ్‌లో గుట్టలుగా వచ్చి పడ్డాయి. వరద తీస్తే, మంట ఆరితే సరుకు వస్తుందని అప్పట్లో అందరికీ తెలుసు. ఈసారి ఫ్యాక్టరీలు నిక్షేపంగా నడుస్తున్నాయి. సరుకు వెళ్లే దారి మారింది. కొత్త ఫ్యాక్టరీ కట్టి అందులోంచి చిప్పు బయటికి రావాలంటే రెండు మూడేళ్లు పడుతుంది. కాబట్టి రెండు నెలలు ఆగితే దిగుతుందని నేను ఎవరికీ చెప్పడం లేదు.

మీకు నా సలహా ఇది. కొనండి, కానీ ఒకేసారి అంతా కొనకండి. ర్యామ్ స్లాట్లు కనీసం రెండున్న మంచి బోర్డు తీసుకుని, ప్రస్తుతానికి 16 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటే వేయించండి. రెండు స్టిక్కులుంటే వేగం ఇంకాస్త బాగుంటుందన్నది నిజమే అయినా, తర్వాత పెంచుకోవడానికి ఒక స్లాట్ ఖాళీగా ఉండడమే ఈ రోజుల్లో తెలివైన పని. గ్రాఫిక్స్ కార్డు లేకుండా, అంతర్గత గ్రాఫిక్స్ బాగున్న ప్రాసెసర్‌తో మొదలుపెట్టవచ్చు, కానీ అది కూడా ఆ ర్యామ్‌లోంచే తన వాటా తీసుకుంటుందని మరవకండి. ర్యామ్‌ను బోర్డుకే అతికించి ఇచ్చే పలచటి ల్యాప్‌టాప్‌ల జోలికి మాత్రం వెళ్లవద్దు. అందులో రేపు మీరు పెంచుకోగలిగేది ఏమీ ఉండదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు కనబడే సర్వర్ ర్యామ్ చూసి మోసపోవద్దు, అది మామూలు బోర్డులో పనిచేయదు. సెకండ్ హ్యాండ్ స్టిక్ కొంటే పైనున్న స్టిక్కర్‌ను నమ్మకుండా సిస్టమ్‌లో వేసి సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో చూడండి, రాత్రంతా మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపించి తెల్లవారి డబ్బులివ్వండి.

ఇంకొక మాట. మీ మిర్యాలగూడ సిస్టములు మా దగ్గరికి రిపేరుకు వచ్చినప్పుడు మూత తీస్తే ఫ్యాన్ రెక్కల మీద ఊక దుమ్ము మెత్తగా మందంగా పట్టి ఉంటుంది. ఊరి చుట్టూ రైస్ మిల్లులు కదా. డిస్‌ప్లే రాకుండా బీప్ బీప్ అని మొత్తుకుంటే చాలామంది ర్యామ్ పోయిందనుకుని కొత్తది కొంటున్నారు. స్టిక్ తీసి, అడుగున ఉండే బంగారు రంగు పళ్లను పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, స్లాట్‌లో దుమ్ము ఊది, రెండు చివర్లా టక్కుమనేదాకా నొక్కి పెడితే పదింట అయిదు లేచి కూర్చుంటాయి. ఈ ధరల్లో ఆ రబ్బరు చేసే మేలు ఇంతా అంతా కాదు.

పాలమూరు ఫిజిక్స్:

టీచర్ గారూ, మీ స్వార్థపు ప్రశ్నకు సమాధానం నా దగ్గర ఉంది కాబట్టి ధరల సంగతి మెకానిక్ గారికే వదిలేస్తాను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. సైన్స్ ఫిక్షన్ చదవడం పాత జబ్బు.

ఊహించినవారున్నారు. 1946 మార్చి నెల 'అస్టౌండింగ్' పత్రికలో 'ఎ లాజిక్ నేమ్డ్ జో' అనే కథ వచ్చింది. ముర్రే లైన్‌స్టర్ అన్న కలంపేరుతో ప్రసిద్ధుడైన విల్ జెన్కిన్స్ రాశాడు. 30 టన్నుల బరువుతో, దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఎనియాక్ అనే తొలినాటి కంప్యూటర్‌ను ప్రజలకు చూపించింది సరిగ్గా ఆ ముందు నెలలోనే అన్నది గుర్తుంచుకుని ఈ కథను చూడాలి. అందులో ప్రతి ఇంట్లోనూ తెర, మీటలు ఉన్న ఒక పెట్టె ఉంటుంది. వాతావరణం, వార్తలు, దూరాన ఉన్నవాళ్లతో ముఖాముఖి మాటలు, పిల్లల హోంవర్కు, అన్నీ దానితోనే. కానీ సమాచారం ఆ పెట్టెలో ఉండదు. 'ట్యాంకు' అనే పెద్ద కేంద్రంలో ఉంటుంది, పెట్టె అడుగుతుంది, ట్యాంకు ఇస్తుంది. తయారీలో ఏదో చిన్న తేడా వచ్చిన జో అనే పెట్టె ట్యాంకులోని సమాచారాన్నంతా కలిపి ఆలోచించడం మొదలుపెట్టి, ఎవరేమి అడిగినా కాదనకుండా చెప్పేస్తుంది: దొరక్కుండా హత్య చేయడం ఎలాగన్నా సరే, దొంగనోట్లు అచ్చువేయడం ఎలాగన్నా సరే. అయితే ట్యాంకును ఆపేయండని కథ చెబుతున్న మెకానిక్ అంటే, పైవాళ్లు నిర్ఘాంతపోతారు. లెక్కలు, బ్యాంకులు, రాకపోకలు అన్నీ దానిమీదే నడుస్తుంటే ఆపడం ఎలా కుదురుతుందంటారు. ఇప్పటి వార్తలు చదివేవాళ్లెవరైనా ఈ ఘట్టం దగ్గర ఆగకుండా ముందుకు పోలేరు.

అంతకన్నా ముందే, 1909లో, ఇంగ్లీషు రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ 'ది మెషీన్ స్టాప్స్' అనే కథ రాశాడు. మనుషులంతా భూమి కింద ఒక్కొక్కరు ఒక్కొక్క గదిలో ఉంటారు, అన్నం నుంచి సంగీతం దాకా యంత్రమే సరఫరా చేస్తుంది, ఒకరినొకరు పలకలో బొమ్మగా చూసుకుంటారు. యంత్రాన్ని బాగుచేసే విద్య క్రమంగా ఎవరికీ పూర్తిగా తెలియకుండా పోతుంది. అదే దాని పతనం. అంటే మరమనిషి కత్తి పట్టుకుని వచ్చే కథలే ఎక్కువగా సినిమాలయ్యాయి గానీ, దూరాన ఎక్కడో కూర్చుని అందరికీ అన్నీ అందించే యంత్రం కథలు సాహిత్యంలో మొదటినుంచీ ఉన్నాయి.

అయితే మీ అసంతృప్తిలో ఒక భాగం న్యాయమైనదే. ఈ కథల్లో ఎక్కడా కొరత ఉండదు. ట్యాంకును నింపడానికి సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, దాని కరెంటు బిల్లు ఎవరు కట్టారు, దానికోసం ఎవరి వాటా తగ్గింది అన్న ప్రశ్నలు లైన్‌స్టర్‌కు గానీ ఫార్‌స్టర్‌కు గానీ తట్టలేదు. యంత్రం బుద్ధి గురించి అంత లోతుగా ఆలోచించినవాళ్లు యంత్రం ఆకలి గురించి ఆలోచించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. గ్రాసం లేక ఎద్దులను సంతకు తోలిన కరువు ఏళ్లు చూసిన మన వైపు రచయిత ఎవరైనా ఈ కథ రాసి ఉంటే మొదటి పేజీలోనే ఆ ప్రశ్న వచ్చి ఉండేది.

ఇక మన ప్రాంతం సంగతి. దూరాన ఉన్న ట్యాంకు మనకు కొత్త కాదు. షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉన్నా, 2016 అక్టోబరు దాకా మా పాలమూరు జిల్లాలోదే. అక్కడి భూకేంద్రం పెద్ద పెద్ద డిష్ యాంటెన్నాలతో 1979 నుంచి అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను అందుకుంది. 1988 మార్చి 17న మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం ఎగిరాక దాని చిత్రాలూ అక్కడికే వచ్చాయి. మా పొలాలు, చెరువులు, కృష్ణా, తుంగభద్రా తీరాలు అన్నీ బొమ్మలై టేపులకు ఎక్కింది అక్కడే. అది ప్రభుత్వ సంస్థ, ఏ పని కోసమో అందరికీ తెలుసు. అదే షాద్‌నగర్ చుట్టుపక్కల మేకగూడ, చందనవెల్లి వైపు ఇప్పుడు ప్రైవేటు డేటా సెంటర్లు వస్తున్నాయి. యంత్రం ఇంట్లో ఉందా, ఇరవై మైళ్ల అవతల ఉందా అన్నది నాకు పెద్ద విషయం కాదు. చందా కట్టడం ఒక నెల ఆపితే నా దగ్గర ఏమి మిగులుతుందన్నదే విషయం. అందుకని నా ఓటు సొంత కంప్యూటర్‌కే, అది చిన్నదైనా సరే.

కల్వకుర్తి టు గచ్చిబౌలి:

సార్ మాట మీద గౌరవంతోనే కొంత విభేదిస్తున్నాను. సొంతూరు కల్వకుర్తి, హైదరాబాద్‌లో ఆటలను పరీక్షించే ఉద్యోగం. పొద్దంతా ఆడడమే పని అనుకుంటారు గానీ, ఒకే తలుపును వంద రకాలుగా తెరిచి చూడడమే పని.

టీచర్ గారూ, మీ అబ్బాయి చెప్పిన క్లౌడ్ గేమింగ్ మోసమేమీ కాదు. చాలామంది దూరాన్ని చూసి భయపడతారు, కానీ దూరం అసలు శత్రువు కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ ముంబైలో ఉండి, తీగ 700 కిలోమీటర్లు ఉందనుకున్నా, పోను రాను 7 మిల్లీసెకన్లు. సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) చూపే ఆటలో ఒక్క ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి, తీగలో పోయేది అందులో సగం కూడా కాదు. ఆలస్యమంతా దారిలో మలుపుల దగ్గర, బొమ్మను వీడియోగా కుదించి మళ్లీ విప్పే దగ్గర, అన్నిటికన్నా ఎక్కువగా మన హాలులో టీవీ వెనక దుమ్ముకొట్టుకుపోయిన వైఫై రౌటర్ దగ్గర జరుగుతుంది. రౌటర్ నుంచి నేరుగా ల్యాన్ కేబుల్ వేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. క్యారమ్స్, చదరంగం, కార్ల పందెం వరకు తేడా తెలియదు. తుపాకీ ఆటల్లో మాత్రం మీ వాడు చచ్చాక గానీ శత్రువు కనబడడు. డేటా లెక్క కూడా చూసుకోండి: సెకనుకు 20 మెగాబిట్ల చొప్పున గంటసేపు ఆడితే 9 జీబీ అవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే వ్యవహారం కాదిది, ఇంటికి ఫైబర్ ఉండాలి.

అయితే ఈ వ్యాపారం నిలకడ గురించి సార్ పడుతున్న భయానికి ఆధారముంది. ఆన్‌లైవ్ అనే క్లౌడ్ గేమింగ్ సేవ 2010లో మొదలై 2015లో మూతపడింది. గూగుల్ అంతటి సంస్థ 2019 నవంబరులో స్టేడియా అనే అలాంటి సేవనే తెచ్చి 2023 జనవరి 18న ఆపేసింది. జనం కొన్న ఆటల డబ్బు వాపసు ఇచ్చింది కాబట్టి సరిపోయింది. అలా ఇవ్వనివాళ్లూ ఉన్నారు. నేను కొన్న ఒక ఆన్‌లైన్ ఆట సర్వర్లు ఆపేశాక, నా లైబ్రరీలో దాని బొమ్మ మాత్రమే మిగిలింది; నొక్కితే క్షమాపణ కనబడుతుంది. ఇదేదో క్లౌడ్‌కే పరిమితమైన జబ్బు కాదని చెప్పడానికే ఈ మాట: సొంత కంప్యూటర్‌లో దించుకున్నా, డిజిటల్ దుకాణంలో మనం కొనేది అనుమతి మాత్రమే. ఆ సంగతి కొనేవాడికి ముందే స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చట్టమే చేశారు. 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. కాబట్టి సార్, పెట్టె మన ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆట మనదైపోదు.

నా అసలు అభిప్రాయం చెబితే నా తోటివాళ్లే కొడతారేమో. ఈ ర్యామ్ కరువు ఆటలకు మంచే చేస్తుందని నేననుకుంటున్నాను. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్ల క్యాట్రిడ్జ్‌లో ఉంది, అది నడిచిన పెట్టెలో పనిచేసే మెమరీ 2 కిలోబైట్లు. మేఘాలకూ పొదలకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారంటే ఎంత పొదుపో చూడండి. చిన్నప్పుడు మా ఊళ్లో అద్దెకు దొరికే వీడియో గేమ్ పెట్టెలో గంటల తరబడి ఆడినా మేమది పసిగట్టలేదు. ఇప్పుడు మేం పరీక్షించే ఆటల్లో ఎవరూ చూడని గోడ వెనక రాయికి కూడా పెద్ద బొమ్మ అతికిస్తారు. ఎందుకయ్యా అంటే, ర్యామ్ ఉంది కదా అంటారు. లేదని తెలిస్తే దారికి వస్తారు. ఇవాళ కూడా మంచి ఆటలకు అంత ఖర్చు అక్కర్లేదు. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి తయారు చేసి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీకి 2 జీబీ ర్యామ్ చాలు. పొలం దున్ని, నీళ్లు పెట్టి, పంట కోసే ఆట అది. మా నాన్న ఒకరోజు వెనక నిలబడి కాసేపు చూసి, "ఇంటి దగ్గర చేయమంటే చేయవు గదా" అని వెళ్లిపోయాడు.

పెద్ద ఆటల మీదే మీ వాడికి మోజు ఉంటే, వాడు ఎదురుచూస్తున్నది జీటీఏ 6 అయితే గనుక, 2026 నవంబరు 19కి ప్రకటించింది కన్సోళ్లకే (టీవీకి తగిలించే ఆట పెట్టెలకే), కంప్యూటర్‌కు కాదు అని ఇప్పుడే చెప్పండి. దానికోసమని ఇవాళ ఖరీదైన సిస్టమ్ కొనడంలో అర్థం లేదు.

షాద్‌నగర్ పక్క ఊరు:

ఫిజిక్స్ సార్ మా షాద్‌నగర్ పేరు ఎత్తారు కాబట్టి ఒక మాట. మా దగ్గరి డేటా సెంటర్ల షెడ్లే మీ ర్యామ్ తినేశాయన్నట్టు ధ్వనిస్తోంది, అది సరికాదు. ఆ సరుకులో పెద్ద వాటా అమెరికాకు పోతోంది. మాకు కనబడేది ప్రహరీ గోడలు, ట్రాన్స్‌ఫార్మర్లు, గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగాలు. లోపల ఏముందో మాకూ తెలియదు.

కానీ నా అనుమానం వేరు. ముగ్గురే అమ్మేవాళ్లయినప్పుడు ఇది నిజమైన కరువని ఎలా నమ్మాలి? ఎరువుల బస్తాలు గోదాములో ఉండగానే స్టాకు లేదని బోర్డు పెట్టడం మనం ప్రతి వానాకాలం చూసేదే. ఇంకోటి, మైక్రాన్ ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సాణంద్‌లో కడుతున్నట్టు 2023లోనే ప్రకటించారు కదా, మరి మన దేశంలో ధర ఎందుకు పెరిగింది?

పాలమూరు ఫిజిక్స్:

మీ అనుమానానికి చరిత్రలో ఆధారం ఉంది. 1999 నుంచి 2002 వరకు మెమరీ కంపెనీలు కూడబలుక్కుని ధరలు నిర్ణయించాయని అమెరికా న్యాయశాఖ కేసు పెడితే, ఇన్ఫినియాన్ 2004లో 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 2005లో 18.5 కోట్లు, శామ్‌సంగ్ అదే ఏడాది 30 కోట్లు జరిమానా కట్టడానికి నేరం ఒప్పుకున్నాయి. అయితే దాన్ని బట్టి ఇప్పటిదీ కుట్రేనని తీర్పు చెప్పలేం. 2023లో సరుకు ఎక్కువై, ధర పడిపోయి, మైక్రాన్, హైనిక్స్ రెండూ భారీగా నష్టపోయాయి. అలా చేతులు కాల్చుకున్నవాళ్లు మళ్లీ ఫ్యాక్టరీలు పెంచడానికి వెనకాడడం, గిరాకీ ఎక్కడ ఎక్కువ ధర పలికితే అక్కడికే సరుకు పంపడం, కూడబలుక్కోకపోయినా జరిగే పనులే.

సాణంద్‌లో జరిగేది చిప్పులను ప్యాక్ చేసి పరీక్షించే పని. సిలికాన్ పలక మీద చిప్పును చెక్కే పని అక్కడ కాదు. పలకలు బయటి నుంచే రావాలి. మన దగ్గర ప్యాక్ అయినంత మాత్రాన ధర మన చేతిలో ఉండదు.

కల్వకుర్తి సోదరుడికి: ఆట మనది కాదన్న మాట ఒప్పుకుంటున్నాను. కానీ పెట్టె మనదైతే ఆట పోయినా ఇంకొకటి వేసుకోవచ్చు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు, టీచర్ గారు పాఠం చేసుకోవచ్చు. అద్దెకు వచ్చేది బొమ్మ మాత్రమే. దాన్ని విప్పి చూసే వీలు ఆ పిల్లవాడికి ఉండదు. ఇంజినీరింగ్‌కు వెళ్లబోయేవాడికి ఆ వీలే కదా కావలసింది.

మిర్యాలగూడ టీచరమ్మ:

అందరికీ ధన్యవాదాలు. మా వాడు మొత్తం చదివి, జీటీఏ సంగతి దగ్గర మాత్రం ముఖం ముడుచుకున్నాడు. మెకానిక్ గారు చెప్పినట్టు 16 జీబీ ఒక్క స్టిక్‌తో, కార్డు లేకుండా మొదలుపెట్టాలని నిర్ణయించాం. పెద్ద ఆటలకు వాడు తన పాకెట్ మనీలోంచి ఒక నెల క్లౌడ్ చందా కట్టి చూస్తాడట. ల్యాన్ కేబుల్ ఖర్చు నాది. ఫార్‌స్టర్ కథ వెతికి పట్టుకుని చదివాను సార్. తల్లి, కొడుకు మధ్య నడిచే కథ అని మీరు ముందే చెప్పి ఉంటే రాత్రిపూట మొదలుపెట్టకుండా ఉండేదాన్ని.

మెకానిక్ గారికి చివరి ప్రశ్న. దుకాణంలో ఒక క్రూషియల్ స్టిక్ మిగిలి ఉంది, మిగతావాటికన్నా కాస్త తక్కువకే ఇస్తానంటున్నారు. కంపెనీయే ఆ వ్యాపారం మూసేస్తుంటే వారంటీ సంగతేమిటి?

గడియారం సెంటర్ మెకానిక్:

నిశ్చింతగా తీసుకోండి మేడమ్. అమ్మకాలు ఆపినా, అమ్మిన సరుకుకు వారంటీ సేవ కొనసాగిస్తామని మైక్రాన్ ప్రకటనలోనే ఉంది. అయితే రెండు జాగ్రత్తలు. సీల్ మీ కళ్ల ముందే తెరిపించండి. స్టిక్ మీది సీరియల్ నంబరును 18 శాతం జీఎస్టీతో ఇచ్చే పక్కా బిల్లు మీద రాయించండి. "బిల్లు లేకుండా తగ్గిస్తా" అంటే ఒప్పుకోవద్దు. తర్వాత ఆ బిల్లును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఇప్పుడు మెషీన్ మీద అచ్చయ్యే బిల్లుల సిరా ఒక ఎండాకాలం గడిచేసరికి తెల్లకాగితమైపోతోంది.